గెర్నికా దాకా

జెన్సీ సీటుబెల్టు రెండోసారి లాగి చూసుకుంది. పక్క అద్దాన్ని సర్ది, మళ్ళీ కదిపి సర్దింది. తర్వాత స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఈ బండికి కాపలా ఉండమని ప్రభువును గొణుగుతూ అడిగింది. పక్క సీట్లోని ముసలాయన కూడా కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఆగగానే ఆమెన్ అన్నాడు. అప్పుడు గానీ బండి కదలలేదు.

పామర్‌స్టన్ నార్త్‌లోని ఒక వృద్ధాశ్రమంలో జెన్సీ కేర్‌గివర్. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, పక్కలు మార్చడం ఆమెకు భయం లేని పనులు. బండి నడపడమే భయం. తాడేపల్లిగూడెంలో ఉన్నన్నాళ్ళూ సైకిలు కూడా తొక్కని మనిషి, ఇక్కడికి వచ్చాక నలభై దాటి లైసెన్సు తీసుకుంది. శుక్రవారాలు ఒక్కొక్కరిని బయట తిప్పే డ్యూటీ ఎవరు చేస్తారని మేనేజరు అడిగినప్పుడు అందరూ బల్లకేసి చూశారు. జెన్సీ తల ఊపింది. పెళ్ళికీ అలాగే ఊపింది, ఈ దేశం రావడానికీ అలాగే. కాదంటే ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందోనన్న భయమే ఆమెను ఇంతదూరం తీసుకొచ్చింది.

ఈ శుక్రవారం వంతు యోసేబాది. స్పెయిన్‌కు ఉత్తరాన, బాస్క్ సీమలో సముద్రం ఒడ్డున పుట్టినవాడు. చేపల పడవల మీద పనిచేస్తూ కుర్రతనంలోనే న్యూజిలాండ్ చేరాడు. ఎనభై దాటాక జ్ఞాపకం చెదిరి, ఇక్కడి ఊళ్ళ మీద తన ఊళ్ళను పరుచుకున్నాడు. గుండె బాగా పాడైంది. తన గుండె ఆగితే మళ్ళీ కొట్టుకునేలా చేసే ప్రయత్నాలు వద్దని తెలివి ఉన్నప్పుడే సంతకం పెట్టాడు. మేనేజరు మాత్రం జెన్సీని పక్కకు పిలిచి, ఫాక్స్‌టన్ బీచ్ చూపించి నేరుగా వెనక్కి రమ్మంది. ఏమాత్రం తేడాగా ఉన్నా ఫోన్ చేయమంది, బాధ్యత నీదే అంది. జెన్సీ వీసా నిలిచేది ఈ ఉద్యోగం మీదే.

హైవే మీద దుంగల లారీలు దాటిపోయినప్పుడల్లా కారు గాలికి ఊగింది. జెన్సీ వేళ్ళు బిగుసుకున్నాయి. హిమటాంగీ దగ్గర పడుతుండగా భర్త ఫ్రెడ్రిక్ ఫోన్ చేశాడు.

"ఏంటి మేడమ్‌గారూ, బయల్దేరారా, ఇంకా పార్కింగ్‌లోనే ప్రార్థన చేసుకుంటన్నారా?"

"డ్రైవ్ చేస్తన్నానండీ. మాట్లాడించకండి."

"నీ స్పీడుకి గొర్రెలు ఓవర్‌టేక్ చేసేస్తాయే. కాస్త లెఫ్ట్‌కి ఉండు."

ఆమెకు నవ్వు రాలేదు.

బీచ్ దగ్గర యోసేబా అద్దం దించమన్నాడు. నల్లటి ఇసుక మీదుగా ఉప్పుగాలి లోపలికి వచ్చింది. ఇది లెకేయిటియో, మా ఊరు అన్నాడు. సోమవారాలు నాన్న ట్రక్కులో తానూ అక్కా ఇక్కడినుంచే బయల్దేరేవాళ్ళట. ముందు ఇస్పాస్టర్, తర్వాత అడవి మలుపులు, ఆ పైన గెర్నికా సంత. అక్క ఇప్పటికే వెళ్ళి ఉంటుందని, సంతలో తనకోసం చూస్తూ ఉంటుందని చెప్పాడు.

వింటూనే జెన్సీ ఆయన చేతులు చూసింది. గోళ్ళ కింద నీలం. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య ఖాళీ. ఇండియాలో నర్సింగ్ చేసిన మనిషి, ఆ ఖాళీ అర్థం ఆమెకు తెలుసు. ఫోన్ తీసింది. ఆయన తన చెయ్యి దాని మీద వేశాడు.

"చెప్తే నన్ను మంచమెక్కిస్తారు. గెర్నికా తీసుకెళ్ళు అమ్మాయ్. ఆ తర్వాత ఎవరికైనా చెప్పుకో."

జెన్సీ తల ఊపలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కారు తిప్పింది.

హిమటాంగీ కూడలిలో కుడికి తిరిగితే వృద్ధాశ్రమం. కుడివైపు ఇండికేటర్ వేసి ఆగింది. అది టక్కుటక్కుమంటూనే ఉంది. వెనక పాల ట్యాంకర్ హారన్ కొట్టింది. నేరుగా పోతే వచ్చే ఫీల్డింగ్ అనే ఊళ్ళో శుక్రవారాలు గొర్రెల సంత జరుగుతుందని ఆమెకు గుర్తుంది. ఇండికేటర్ తీసేసి నేరుగా పోనిచ్చింది.

ఇక అక్కడినుంచి ఊరు వచ్చినప్పుడల్లా అడిగింది. ఆయన జవాబు చెబితే ఊపిరి ఉన్నట్టు.

"ఇది ఏ ఊరు అంకుల్?"

"ఇస్పాస్టర్," అన్నాడు శాన్సన్ అనే ఊరిని చూసి.

కొండ ఎక్కుతూ మళ్ళీ అడిగింది. చాలాసేపు జవాబు రాలేదు. ఆమె పాదం యాక్సిలరేటర్ మీద బిగిసింది. రోడ్డు మీంచి చూపు తిప్పడానికి భయం, తిప్పకపోవడానికీ భయం.

"అడవి," అన్నాడు చివరికి.

ఫీల్డింగ్‌లో గొర్రెల అరుపులు వీధి మొదట్లోనే వినిపించాయి. కంచెలకు ఎదురుగా బండి ఆపి, "వచ్చేశాం అంకుల్. గెర్నికా," అంది. ఆయన జనాన్ని చూసి, ఉత్తచేతులతో అక్క దగ్గరికి ఎలా వెళ్తానన్నాడు. చీజ్ కొనమన్నాడు. జెన్సీ ఎదురుగా ఉన్న డెయిరీ షాపులోకి పరుగెత్తింది. డబ్బులిస్తూ కూడా అద్దంలోంచి కారునే చూసింది.

ఆయన చీజ్‌ను తుంచి పెద్దముక్క ఆమెకిచ్చాడు. తన ముక్క ఒక్కసారి కొరికి, కాగితం రుమాలులో ముందున్న డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"అదిగో," అన్నాడు కంచెల వైపు చూస్తూ.

తర్వాతి ఊపిరి కోసం జెన్సీ కాచుకుని కూర్చుంది. గొర్రెలు అరిచాయి. ఎవరో వేలం పాడుతున్నారు. మణికట్టు పట్టుకుంది, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. మళ్ళీ కాచుకుంది.

జెన్సీ మేనేజరుకు ఫోన్ చేసి చెప్పింది. ఫీల్డింగ్ ఎందుకెళ్ళావని మేనేజరు అడిగింది.

"ఆయన రావాలన్నారు. నేనే తీసుకొచ్చాను."

సోమవారం ఆఫీసుకు రా, మాట్లాడదాం అంది మేనేజరు. ఆంబులెన్సు వాళ్ళు ఆయన్ను మెల్లగా దింపి, దుప్పటి కప్పి తీసుకెళ్ళారు. సంత పలచబడింది. జెన్సీ కారెక్కి తలుపు వేసుకుంది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉండిపోయింది. డ్యాష్‌బోర్డు మీద, కాగితం రుమాలులో, చీజ్ ముక్క ఎండకు చెమర్చి ఉంది. దాని అంచున పంటిగాట్లు ఇంకా చెరగలేదు.