బాలశౌరి జేబులు

బాలశౌరి ప్యాంటు జేబులు రెండూ తిరగేసి, వాటిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసి టీపాయ్ మీద పెట్టాడు. టెస్టరు, పెన్‌డ్రైవ్, నల్ల టేపు చుట్ట, కళ్లజోడు పెట్టె, ఇంటి తాళంచెవి, కాస్త చిల్లర, మడతలు నలిగిన చేతిరుమాలు. చొక్కా జేబులోని సెల్‌ఫోను కూడా తీసి వాటి పక్కన పెట్టాడు. జేబుల లోపలి తెల్లగుడ్డ కుందేలు చెవుల్లా బయటికి వేలాడుతోంది.

"చూశారు కదమ్మా, నా దగ్గరున్నవి ఇవే. వెళ్లేటప్పుడూ ఇవే ఉంటాయి," అన్నాడు.

ఆ ఇంటి ఇల్లాలు షహజాది ఆ జేబుల వంక చూసి, నవ్వాలో ఊరుకోవాలో తెలియక చున్నీ సర్దుకుంది.

"ఇదంతా ఎందుకండీ మెకానిక్ గారూ?"

"అలవాటమ్మా. మీరా కుర్చీలో కూర్చోండి. పనయ్యేదాకా ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పక్కనుండాలి."

పటమటలో అతను ఏ ఇంటికి వెళ్లినా ఈ తంతు జరగాల్సిందే. కొందరు ముచ్చటపడేవారు. కొందరికి మాత్రం అంతవరకూ లేని అనుమానం అప్పుడే పుట్టుకొచ్చేది. దొంగను కాదని అడగకముందే చెప్పే మనిషిని ఓ కంట కనిపెట్టాలని వాళ్లు కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకునేవారు. అలా జరుపుకుంటేనే బాలశౌరికి చేతులు కుదురుగా ఆడేవి.

అతను కూడా లోకాన్ని ఓ కంట కనిపెట్టి ఉండేవాడు. ఆటోవాడు సందు మార్చితే అనుమానం, టీకొట్టువాడు గ్లాసు కడిగిన తీరు చూసి అనుమానం. ఏ ఇంట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టడు. గుణదల మాత గుడిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే, ఇతను మాత్రం గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వంక చూస్తూ ప్రార్థిస్తాడు. "మరియమాత కూడా మీకు జేబులు చూపించాలేమో," అంటుంది భార్య అమలమ్మ.

ఆ రోజు పొద్దున అతను పనిచేసే షాపు యజమాని జయపాల్ ఒక పెన్‌డ్రైవ్ చేతికిచ్చి ఈ పని అప్పజెప్పినప్పుడూ అదే వరస. షహజాది ఇంట్లో వైఫై డబ్బా ఉంది. దాని సిగ్నల్ లోపలి గదిదాకా పోవడం లేదు. కంపెనీవాళ్లు డబ్బాలో పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి, ఇందులో ఉన్నది ఎక్కిస్తే బలం పెరుగుతుంది.

"ఎవరు తయారుచేశారు సార్ దీన్ని?"

"ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి నెట్‌లో పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు. ఉచితం."

"ఉచితంగా ఎందుకిస్తారు?"

"ఇవ్వాలనిపించి ఇచ్చారు బాలశౌరీ. ఎక్కించేటప్పుడు మాత్రం కరెంటు పోకుండా చూసుకో. మధ్యలో ఆగితే డబ్బా చచ్చినట్టే."

ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఎవడైనా కూర్చుని పని చేస్తాడా? ఇందులో ఏదో మతలబు ఉండే ఉంటుందనుకుంటూ పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. బయటికి మాత్రం ఏమీ కనిపించలేదు.

"మధ్యాహ్నం కోత ఎప్పుడమ్మా?" అని ఇప్పుడు షహజాదిని అడిగాడు.

"ఈ వారం రెండింటికండీ. ఇంకా చాలా టైముంది. లాప్‌టాప్ తీసుకొస్తానుండండి, అబ్బాజాన్ దగ్గరుంది."

పరదా తొలగించి ఆమె లోపలి గదిలోకి వెళ్తుంటే మంచం కనిపించింది. మంచం మీద ఆమె తండ్రి బడే మియా పడుకుని ఉన్నాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన వడ్రంగి. రంపపు పొట్టు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. తలగడ పక్కనున్న లాప్‌టాప్‌లోంచి ఖురాన్ పఠనం సన్నగా వినిపిస్తోంది. రెండు మాటలు వినిపించి ఆగుతుంది, మళ్లీ కాసేపటికి అందుకుంటుంది.

"మక్కా నుంచి వస్తుందండీ. వింటూ వింటూ ఉండగా ఆగిపోతే ఆయనకు ఊపిరి ఆడనట్టు అయిపోతుంది. డాక్టరుగారు ఇక ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. ఆ సమయానికి అది ఆగకుండా వినపడాలని మా అమ్మాయి మహెక్ పట్టుదల," అంటూ షహజాది లాప్‌టాప్‌ను ముందు గదిలోకి తెచ్చింది. పఠనం ఆగిపోయి లోపలి గది నిశ్శబ్దమైంది.

బాలశౌరి లాప్‌టాప్‌కీ డబ్బాకీ వైరు కలిపి, పెన్‌డ్రైవ్ గుచ్చాడు. జయపాల్ నేర్పినట్టే పేజీ తెరిచి, ఫైలు ఎంచి, బటన్ నొక్కాడు. తెర మీద నీలిరంగు పట్టీ చీమలా కదలడం మొదలుపెట్టింది. డబ్బా మీది దీపాలన్నీ ఆరిపోయి, ఒక్కటి మాత్రం మినుకుమినుకుమంటోంది.

అప్పుడే లోపలినుంచి దగ్గు తెర మొదలైంది. షహజాది పరుగున వెళ్లి, తండ్రిని నెమ్మదింపజేసి, ఖాళీ మందు డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఇది అయిపోయిందండీ. మందులషాపు దాకా వెళ్లొస్తాను. ఆయన్ను కాస్త చూస్తుండండి."

బాలశౌరి గభాలున లేచాడు. "నేనొక్కణ్నే ఉండకూడదమ్మా. పక్కింటివాళ్లనైనా..."

"పక్కన తాళం. పైవాళ్లు డ్యూటీకి వెళ్లారు. మీరున్నారుగా, ఇప్పుడే వచ్చేస్తాను."

చేతిలోని తాళాల గుత్తి టీపాయ్ మీద, అతని వస్తువుల పక్కన పడేసి వెళ్లిపోయింది.

అవి బీరువా తాళాలని చూడగానే తెలిసింది. బాలశౌరి వాటికి దూరంగా జరిగాడు. ఎవరైనా పరాయివాడి ముందు బీరువా తాళాలు పడేసి పోతారా? ఇది పరీక్ష. ఆమె సందు చివర నిలబడి చూస్తూ ఉంటుంది. కిటికీలోంచి తొంగిచూశాడు. సందులో ఎండ తప్ప ఎవరూ లేరు. అది ఇంకా అనుమానంగా తోచింది.

పూర్వం అతను టెలిఫోన్ లైన్ల మీద కాంట్రాక్టు పని చేసేవాడు. సూర్యారావుపేటలో ఒక పెద్దింట్లో హాల్లో ఒంటరిగా ఫోను వైరు బిగించి వచ్చిన సాయంత్రం, ఆ ఇంట్లో బంగారు గాజు కనపడలేదన్నారు. స్టేషనుకు తీసుకెళ్లి అరికాళ్ల మీద కొట్టారు. తరువాత ఆ గాజు వాళ్ల ఇంట్లోనే, పరుపు సందులో దొరికింది. దొరికిందన్న మాట కూడా ఎవరూ వచ్చి చెప్పలేదు. ఎవరో అనుకుంటుంటే విన్నాడు. అప్పటికే లైన్ల పని పోయింది. పాదాల నొప్పులు తగ్గాయి కానీ, ఇంకొకరి ఇంట్లో ఒంటరిగా నిలబడాలంటే ఆ పాదాలే వణికేవి. ఇన్నేళ్లలో మళ్లీ ఒంటరిగా నిలబడింది ఈ రోజే.

తెర మీద పట్టీ సగం దాటింది. ఇప్పుడు వదిలేసి బయటికి పోయినా, ఇంట్లోంచి పారిపోయాడంటారు.

"బేటా," అని వినిపించింది.

బాలశౌరి కదల్లేదు.

"బేటా... పానీ."

పరదా అవతల ఆడవాళ్లు మసిలే గది. మంచం పక్కన కూజా, స్టీలు గ్లాసు ఉన్నాయి. తను నీళ్లు పట్టాక ఆ మనిషికి ఏమైనా అయితే? ఎవడో మెకానిక్ ఏదో తాగించాడంటే, కాదని చెప్పే సాక్షి ఎవరు? గాజుకు అరికాళ్ల మీద కొట్టారు, మనిషి ప్రాణానికి ఏం చేస్తారు? షహజాది వస్తుందేమోనని చెవులు రిక్కించాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. లోపలి గొంతు మూడోసారి పిలిచింది కానీ, ఈసారి మాట రాలేదు, ఊపిరి మాత్రమే వచ్చింది.

బాలశౌరి పరదా తీసి లోపలికి వెళ్లాడు.

కూజాలోని నీళ్లు గ్లాసులో వంచి, ఎడమచేతిని ముసలాయన తల కిందికి పోనిచ్చి లేపాడు. తల పిడికెడు దూదిలా తేలికగా ఉంది. బడే మియా ఒక గుక్క మింగాడు. ఇంకొకటి మింగాడు. కళ్లు తెరిచి, ఎవరని అడగలేదు. ఉలి పట్టి పట్టి కాయలు కాచిన చేత్తో బాలశౌరి మణికట్టు పట్టుకున్నాడు. మూడో గుక్క నెమ్మదిగా దిగింది. ఆ పట్టు కాసేపు అలాగే ఉండి, తరువాత దానంతటదే వదులైంది.

ముందు బాలశౌరికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తల కింద చెయ్యి తియ్యలేదు. ముందు గదిలో డబ్బా దీపాలు వరసగా వెలిగి నిలకడగా నిలబడ్డాయి, కానీ అతను అటు చూడలేదు. పారిపోవాలని పాదాలు అంటున్నాయి. చెయ్యి మాత్రం ఆ తలను వదలనంటోంది.

మందు తీసుకుని తిరిగొచ్చిన షహజాది గుమ్మంలోనే ఆగిపోయింది. బాలశౌరి ముసలాయన తలను తలగడ మీద పదిలంగా ఆనించి లేచాడు. ఖాళీ చేతులు రెండూ కనిపించేలా ముందుకు చాచి, ఒకప్పుడు స్టేషన్లో చెప్పినట్టే మొదటినుంచి చెప్పసాగాడు.

"పిలిచారమ్మా. నీళ్లడిగారు. ఆ కూజాలో నీళ్లేనమ్మా, నేనందులో ఏమీ..."

"తాగారా?"

"ఏంటమ్మా?"

"నీళ్లు. గొంతు దిగాయా?"

"దిగాయమ్మా. మూడు గుక్కలు. నేనే తల పట్టుకుని తాగించాను."

షహజాది మంచం అంచున కూలబడి తండ్రి కళ్లు మూసింది. "ఎవరూ లేనప్పుడు, గొంతు ఎండి పోతారేమోనని రోజూ భయపడి చచ్చేదాన్ని, అన్నా. నీళ్లు పట్టారు. నాకదే చాలు," అని ఏడ్చింది.

తరువాతి ప్రశ్న ఏదో వస్తుందని బాలశౌరి చాలాసేపు చూశాడు. ఏ ప్రశ్నా రాలేదు. తన ఖాళీ చేతులు చూసుకుని, ఇక దాచుకోవడం చేతకాక, గోడవైపు తిరిగి అతనూ ఏడ్చాడు.

మహెక్ కాలేజీ నుంచి వచ్చింది, బంధువులు చేరుకున్నారు. ఎవరో లాప్‌టాప్‌ను తాత తలగడ దగ్గర పెట్టారు. బాలశౌరి వీధి గుమ్మం పక్కన నిలబడి విన్నాడు. మక్కా నుంచి వచ్చే ఆ గొంతు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఊరికే ఇచ్చిన దాని చలవతో, ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంటికి పోదామని బస్టాపుకొచ్చి, గుణదల వెళ్లే బస్సు వచ్చినప్పుడు చిల్లర కోసం చెయ్యి పెడితే జేబు దొరకలేదు. తెల్లగుడ్డ ఇంకా బయటే వేలాడుతోంది. దాన్ని లోపలికి తోసుకుని, వెనుదిరిగి ఆ సందు వైపు చూశాడు. టీపాయ్ మీదివి ఎక్కడికి పోతాయి, రేపు తెచ్చుకోవచ్చులే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనకే వింతగా తోచి, ఇంటికి నడక మొదలుపెట్టాడు.

వచ్చేపోయే జనంతో నిండిన ఆ ముందు గదిలో, టీపాయ్ మీద, బీరువా తాళాల గుత్తిని ఆనుకుని అతని టెస్టరు, టేపు చుట్ట, కళ్లజోడు పెట్టె, తాళంచెవి, చిల్లర, రుమాలు, సెల్‌ఫోను, కాపలా ఎవరూ లేకుండా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.