వదిన చేతుల మీద పడ్డ నింద

పసిపిల్లల వార్డులో నలుగురికి ఒకేసారి జ్వరం వచ్చింది. నలుగురి రక్తంలోనూ ఒకే బ్యాక్టీరియా. సిబ్బంది చేతులన్నీ పరీక్షిస్తే అది ఒక్క నర్సు చేతి మీదే దొరికింది. ఆ నర్సు మా వదిన.

ఇంకేముంది, తలా ఒక మాట. సంగతి తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, పిల్లలకు తానే రోగం అంటించానన్న దిగులు వదినను తినేసింది. ఇంట్లో తన పాపను కూడా ముట్టుకోవడం మానేసింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అన్నయ్య ఎత్తుకుని తిరిగేవాడు, ఈవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను అదే ఆస్పత్రి ల్యాబ్‌లో, సూక్ష్మజీవుల జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదివే యంత్రం దగ్గర పనిచేస్తాను. ఇంటిపేరు కలిసినవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళు కాదు కదా, బ్యాక్టీరియా సంగతీ అంతే, పేరు ఒకటే అయినా రకాలు వేరు కావచ్చు. ఆ ముక్కే పెద్ద డాక్టరుతో అన్నాను.

"చదివించండి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి, మీ వదిన కదా" అన్నాడాయన.

న్యాయమే. పని నా పక్క సీటామెకు అప్పగించాను. ఊరికే కూర్చోలేక వదిన వెంటపడ్డాను.

"పాలు పట్టేముందు ఏం చేస్తారో మొదట్నుంచి చెప్పు."

"ఏముందే, సీసాల్ని వేడినీళ్ళ తొట్టిలో పెడతాం. చల్లారితే ఇంకాస్త వేడినీళ్ళు పోస్తాం."

"పాత నీళ్ళు ఎవరు పారబోస్తారు?"

"ముందు షిఫ్టువాళ్ళు పారబోసే ఉంటారనుకుంటాం."

అందరూ అలాగే అనుకున్నారు! వెంటనే ఆ నీళ్ళు కూడా పరీక్షకు తీయించాను.

ఫలితం వచ్చాక పక్క సీటామె నా భుజం తట్టింది. "పిల్లల్లో ఉన్నదీ తొట్టిలో ఉన్నదీ ఒకటే. మీ వదినది వేరే రకం, దీనికీ దానికీ సంబంధమే లేదు." ల్యాబ్‌లో గయ్యాళినని పేరున్న నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. వదిన ముందుగా అడిగింది ఒక్కటే. "పిల్లలెలా ఉన్నారు?"

"నలుగురికీ జ్వరం దిగింది. తొట్టి తీసి పారేశారు."

"ఆ తొట్టిలో నేనూ సీసాలు పెట్టాను కదే."

"అందరూ పెట్టారు. ఇక ఎవరూ పెట్టరు. వెళ్ళి పాపను ఎత్తుకో."

చేతులు అరగదీసినట్టు కడుక్కుంది. "చాల్లే, చర్మం ఊడొస్తుంది" అన్నాను. అన్నయ్య పాపను అందించాడు. పాప అలిగి ముఖం తిప్పుకుంది. కాసేపటికి తల్లి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

వదిన వేలు వెనక్కి తీసుకోలేదు.