లేచి నిలబడిన బొమ్మ

నేను ఒక ఫ్లానెల్ గుడ్డను. లేత నీలం రంగు, ఒంటినిండా నూగు. బట్టల కొట్టులో నన్ను తానులోంచి చింపుతూ కొట్టతను "పసిబిడ్డకాండీ?" అని అడిగాడు. "పిల్లలకేనండి, ఊరి పిల్లలందరికీ" అంది సువర్తమ్మ. అతను చింపడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు.

సువర్తమ్మ కృష్ణ ఒడ్డున ఒక పల్లె చర్చిలో సండేస్కూలు టీచరు. నన్ను చెక్కకు బిగించి మేకులు కొట్టింది. పాత క్యాలెండర్లలోని బొమ్మలు కత్తిరించి, వాటి వీపులకు నా అంచుల ముక్కలే అంటించింది. నూగుకు నూగు తగిలితే బొమ్మ నా మీద నిలుస్తుంది. గడ్డపాయన ఒక్కడే దొరకడంతో ఆయనే ఒక ఆదివారం ప్రవక్త, మరో ఆదివారం జాలరి, క్రిస్మస్‌కు గొర్రెల కాపరి. పిల్లలెవరూ తప్పు పట్టలేదు. తప్పు పట్టింది సంఘపెద్దలే.

కథ పిల్లల వెంట ఇంటిదాకా వెళ్లాలని సువర్తమ్మ కోరిక. హెప్సిబా అనే ఏడేళ్ల పిల్ల విషయంలో ఆ కోరిక తీరిందనే చెప్పాలి. ఆ పిల్ల కథ వింటుంటే నోరు తెరిచి, చీమ కుట్టినా కదిలేది కాదు.

ఒక ఆదివారం, చనిపోయిన అమ్మాయిని యేసు బ్రతికించిన కథ వచ్చింది. సువర్తమ్మ అమ్మాయి బొమ్మను మంచం మీద పడుకోబెట్టింది. తెల్లబట్టల యేసును పక్కన నిలిపింది. తర్వాత అమ్మాయిని నా మీద నుంచి ఊడదీసి, నిలువుగా పెట్టి నొక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బొమ్మను లేపడం అంత తేలిక మరి.

"మా అక్కను గూడా లేపుతాడా అండీ?" అంది హెప్సిబా.

వాళ్లక్క లేయకు కిడ్నీలు పాడయ్యాయి. ఇక మా చేతుల్లో లేదని ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపేశారు. ఆ సంగతి సువర్తమ్మకూ తెలుసు. పిల్లలంతా ఆమె నోటివంకే చూస్తున్నారు.

"నువ్వు నమ్మితే లేపుతాడమ్మా" అంది.

హెప్సిబా ఆ అమ్మాయి బొమ్మను అడిగి తీసుకెళ్లి అక్క దిండు కింద పెట్టింది. వారం తిరక్కుండానే లేయ చనిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆ పిల్ల బొమ్మను తిరిగి తెచ్చి ఇచ్చింది. ఏడవలేదు.

"నేను సరిగ్గా నమ్మలేదాండీ? అక్క వాంతి చేసుకున్నప్పుడు ఒక్కసారి అనుమానం వచ్చిందండీ. అందుకేనా?"

"కాదు తల్లీ. నీ తప్పేం లేదు. అది దేవుడి చిత్తం."

"మరి ఆ రోజు అట్టా చెప్పలేదుగదండీ."

నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకోవాలని అడిగింది. సువర్తమ్మ ఆ బొమ్మను నా మీద పెట్టబోయి, మళ్లీ తీసేసింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. గుడ్డకు ఏడుపేమిటని మీరనవచ్చు. మనుషులు మా మీద ఎన్నో తుడుచుకుంటారు, మాది తుడిచేవారు లేరు.

ఆ తర్వాత కూడా సువర్తమ్మ వాళ్లింటికి వెళ్లి, నీ తప్పు కాదని నచ్చజెప్పి వచ్చేది. ఆ పిల్ల ప్రతిసారీ బుద్ధిగా తల ఊపేది. తల ఊపితే విన్నట్టేనని పెద్దవాళ్లు సరిపెట్టుకుంటారు. చివరికి సువర్తమ్మ మేకులు పీకి నన్ను హార్మోనియం మీద కప్పేసింది. బొమ్మలు ఎటు పోయాయో తెలియదు. ఇప్పుడు పిల్లలకు బొమ్మల పుస్తకాలు పంచుతుంది. కథ మాత్రం చెప్పదు.

మొన్న ఆరాధన అయ్యాక హెప్సిబా తన తమ్ముణ్ని హార్మోనియం పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచింది. కొంచెం పొడుగెదిగింది. అదే కథ. సువర్తమ్మకంటే బాగా చెప్పింది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న సువర్తమ్మ ఆగి, మురిపెంగా వింటోంది.

కథ చెప్పడం అయ్యాక ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"అమ్మకు జొరం తగ్గట్లేదుగా. నువ్వు గట్టిగా నమ్ము. ఒక్కసారి గూడా అనుమానపడమాక. నేను పడ్డందుకే అక్క పోయింది."

సువర్తమ్మ ఒక కాలికి చెప్పుతోనే లోపలికి అడుగు వేసింది. పిల్లవాడు కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి, ఊపిరి కూడా ఆపేసి నమ్మడం మొదలుపెట్టాడు.