కిటికీ పక్క మంచం

కుప్పమ్మ ఫినాయిల్ బకెట్‌ను కాలితో ముందుకు నెడుతూ, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా నేల తుడుస్తోంది. కొత్త పెయింటు వాసన ఇంకా పోలేదు. తిరుత్తణి ఆసుపత్రిలో మొన్నటిదాకా విరిగిన కుర్చీలు పడేసిన గది ఇది. సర్కారు గ్రాంటు వచ్చాక తాగుడు మానిపించే వార్డు అయింది. ఇనుప మంచాలు, రెక్సిన్ పరుపులు, కిటికీలకు పచ్చ తెరలు. కొన్ని మంచాలకు ఇంకా మనుషులు రాలేదు.

కుప్పమ్మ యాభై దాటిన మనిషి. వంగిన భుజాలు, పగిలిన మడమలు. నీలం చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటుంది. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లబడిపోయాయి. రోజూ కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదిస్తుంది.

ఆమె మొగుడు తణికాచలానికి ఇలాంటి మంచం దొరకలేదు. అప్పట్లో ఈ వైద్యానికి చెన్నై పోవాలి. ఒకనాటి పొద్దున ఎలాగో బతిమాలి తిరుత్తణిలో రైలెక్కించింది. తిరువళ్ళూరు దాటేసరికి అతనికి ఒళ్ళంతా వణుకు. "ఇంత దూరం యాడికే?" అంటూనే ఉన్నాడు. తిరునిన్రవూరులో నీళ్ళు తాగొస్తానని దిగాడు. రైలు కదిలింది. కిటికీలోంచి ఆమెకు అతని వీపు మాత్రం కనిపించింది. ముందు స్టేషన్లో దిగి వెనక్కి వచ్చి వెతికితే, సాయంత్రానికి బ్రాందీషాపు వెనక గోడ పక్కన దొరికాడు, మోకాళ్ళు ముడుచుకుని, చల్లబడిపోయి.

"కుప్పమ్మక్కా, శివప్రకాశాన్ని కొంచెం చూస్తా ఉండు. మళ్ళా లేస్తాడు," అంది నర్సు జెనిఫర్.

శివప్రకాశం పొదటూరుపేట మరమగ్గాల కూలీ. నలభై ఏళ్ళు కూడా లేవు. తాగుడు ఆపి ఇది మూడో రోజు. గుండె బలహీనంగా ఉంది, ఈ ఒకటి రెండు రోజులు గడవాలి అని చెప్పి, సూది వేసి వెళ్ళాడు డాక్టరు. భార్య శోభన మార్చుకునే బట్టల కోసం ఇంటికి పోయింది. అతని వేళ్ళు ఊరుకోవడం లేదు. గాలిలో తెగిన నూలుపోగులు వెతికి, రెండు కొనలు కలిపి ముడి వేస్తున్నాయి. వేసిన ముడి మళ్ళీ తెగుతోంది కాబోలు, మళ్ళీ వెతుకుతున్నాయి.

కుప్పమ్మ పక్కన కూర్చుని అతని నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

"అక్కా, ఆయనెవురు?" కిటికీ పక్క ఖాళీ మంచం వైపు చూశాడు.

"ఎవురూ లేరు తంబీ. కండ్లు మూసుకో."

"ఉండాడక్కా. గోడ పక్కకు తిరిగి పండుకోనుండాడు. మోకాళ్ళు ముడుచుకోనుండాడు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఈ జబ్బులో చీమలు కనిపిస్తాయి, ఎలుకలు కనిపిస్తాయి, చచ్చినవాళ్ళు కనిపిస్తారు. ఎంతమంది చెప్పగా విందో. అయినా ఆ మంచం వైపు తల తిప్పలేకపోయింది. బయట అరక్కోణం పోయే రైలు కూత పెట్టింది.

"ఏమన్నా అంటా ఉండాడా?" అడిగింది.

"ఇది ఏ స్టేషను అని అడగతా ఉండాడు."

కుప్పమ్మ అతని నుదుటి మీది తడిగుడ్డ తిప్పి వేసింది. "మన ఊరే అని చెప్పు తంబీ. యాడా దిగే పన్లేదు. పండుకోమని చెప్పు," అంది.

శివప్రకాశం ఆ ఖాళీ మంచానికి ఆ మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా, మెల్లగా చెప్పాడు. "సరే అన్నాడక్కా," అని తనూ ఒత్తిగిలి పడుకున్నాడు. వేళ్ళు ఆగాయి.

ఆమె లేచి ఖాళీ మంచం మీద దుప్పటి పరిచి, అంచులు పరుపు కిందికి దోపింది. ఎవరినైనా లేపుతానేమో అన్నంత జాగ్రత్తగా.

మధ్యాహ్నం నాడి చూడవచ్చిన జెనిఫర్ పరుగున పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన శివప్రకాశం రొమ్ము మీద చాలాసేపు నొక్కాడు. చివరికి చేతులు తీసేశాడు.

"నిద్రబోతా ఉండాడనుకుంటి సిస్టర్," అంది కుప్పమ్మ.

"నేనూ అట్లే అనుకుంటినక్కా."

శోభన ఉతికిన లుంగీలున్న సంచితో వచ్చింది. ఏడవలేదు. కుప్పమ్మ చెయ్యి పట్టుకుని, "ఈ తూరి ఎవురూ ఈడ్చుకోని రాలేదక్కా. దగ్గిరే గదా అని తనే బస్సెక్కినాడు," అంది. కుప్పమ్మ ఆ చేతిని విడిపించుకోలేదు.

పొద్దు వాలకముందే వ్యాను వచ్చి శవాన్ని తీసుకుపోయింది. వెనకే శోభన. వెంగల్ నుంచి ఇంకో మనిషిని తెస్తున్నారని, శివప్రకాశం మంచం కడగమని జెనిఫర్ చెప్పింది. కుప్పమ్మ గుడ్డ తడిపి వంగింది.

మంచం కింద అతని రబ్బరు చెప్పులు ఉన్నాయి, ఒకదానికి తెగిన పట్టీ చోట పిన్నీసు గుచ్చి, రెండూ పక్కపక్కనే, ముందు కొసలు తలుపు వైపుకు తిరిగి.