కడపకు పార్సిల్

"కాలరు దగ్గర ఇట్లా మడత పెడితే నీకు వీసా వెయ్యను నాదియా! కడపకు పార్సిల్ చేస్తా, చూసుకో!"

శుక్రవారం జుమ్మా నమాజుకు వేసుకోవాల్సిన తెల్ల కుర్తాను వెలుతురులోకి ఎత్తి పట్టుకుని కమ్రాన్ ఆ మాట అనగానే, నాదియా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. మొగుడు జోకులేసే మనిషి కావడం తన అదృష్టం. గల్ఫు మొగుళ్ళు మూతి ముడుచుకుని తిరుగుతారని బీకాం క్లాసులో అందరూ ఎంత భయపెట్టారు! కుర్తా మీద మళ్ళీ నీళ్ళు చల్లి, మడత పోయేదాకా రుద్ది, ఆయన నమాజుకు వెళ్ళగానే అమ్మకు ఫోన్ చేసింది. "అమ్మీ, నన్ను పార్సిల్ చేస్తాడంట!" అని చెప్పి ఇంకోసారి నవ్వింది. అవతల అమ్మ, "నవ్వులాటకే అంటాండాడు కదమ్మా?" అంది. ఈ అమ్మకు జోకులే అర్థం కావు అనుకుంది నాదియా.

ఒమాన్‌లోని ఈ సోహార్‌లో ఆమెకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. వాషింగ్ మెషీన్‌కు గుండ్రటి గాజు కిటికీ ఉంది. వచ్చిన కొత్తలో దాని ముందు పీట వేసుకుని కూర్చుని, తన దుపట్టా ఆయన చొక్కా చేతుల్లో చిక్కుకుని తిరుగుతుంటే సినిమా చూసినట్టు చూసింది. బేకరీ నుంచి తెచ్చిన పొగలుగక్కే రొట్టెను ఇల్లు చేరేలోపే సగం తినేయడం, సాయంత్రం సముద్రపు ఒడ్డున చెప్పులు చేతబట్టుకుని నడవడం, బాల్కనీలో పాత పెయింటు డబ్బాలో పెరిగిన పుదీనాను కాఫీగ్లాసుతో తడపడం. ఆ పుదీనా మాత్రం తను నాటింది కాదు. షైస్తా నాటింది. వంటింట్లో కారం డబ్బా ఎడమవైపు, ఉప్పు కుడివైపు సర్ది పెట్టింది కూడా ఆ షైస్తానే.

షైస్తా కమ్రాన్ మొదటి భార్య. తలాక్ అయిపోయిందనీ, ఆ తర్వాత ఆమె ఆగాల్సిన ఇద్దత్ గడువు కూడా దాటిందనీ పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. నాదియా అబ్బా కాజీ దగ్గరికి పోయి కాగితం కళ్ళారా చూసి వచ్చాకే సరే అన్నాడు. అప్పుడు ఎవరూ చెప్పనిది ఒకటుంది. షైస్తా ఇంకా ఒమాన్‌లోనే, కమ్రాన్ పేరు మీదున్న భార్య వీసాతోనే ఉంటోంది. స్టీలు ప్లాంటు కంపెనీ సూపర్‌వైజర్లకు ఒక్క భార్యకే ఫ్యామిలీ వీసా ఇస్తుందట. అందుకే నాదియాను విజిట్ వీసా మీద తెచ్చాడు. "ఆమెది తీస్తేనే నీది పడుతుంది" అని కమ్రాన్ చెప్పినప్పుడు నాదియాకు బీరువాలో హ్యాంగర్ గుర్తొచ్చింది. ఒక చీర తీసి ఇంకో చీర తగిలించడం. అంతే కదా అనుకుంది. అందులో తప్పేమీ కనబడలేదు.

ఆ మధ్యాహ్నం తలుపు తీసేసరికి గుమ్మంలో నల్ల బుర్ఖాలో ఒకావిడ. ముఖానికి చెమట, చేతిలో గుడ్డ సంచి.

"అస్సలాము అలైకుమ్. నేను షైస్తా. నా రెసిడెంటు కార్డు తెచ్చియ్యమన్నాడు."

సవతి అనే మాట నాదియా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సవతి కూడా కాదు కదా. మరేమవుతుంది? "రండి ఆపా" అంది. అక్క అని పిలిచాక కొంచెం తేలికైంది. "నమాజు నుంచి అట్నే హల్వా కొనుక్కొని వస్తానన్నారు. కూర్చోండి."

షైస్తా ఆ సోఫాలో అతిథిలా అంచు మీద కూర్చుంది. బాల్కనీ వైపు చూసి, "బతికే ఉందే!" అంది పుదీనాను చూసి. ఆ ఒక్క మాటతో ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైంది.

"కార్డు ఇస్తే మీరు ఊరికి పోతారా ఆపా?"

"పోవాల్సిందే. క్యాన్సిల్ చేస్తే ఇంక ఉండేదానికి లేదు." షైస్తా సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ఇక్కడ చిన్న స్కూలొకటి నన్ను వాళ్ళ వీసా మీద టీచరుగా తీసుకుంటామన్నారు. ఉండేదానికి అక్కడే పనిచేసే షీబా టీచర్ రూమ్‌లో చోటుంది. ఈయన ఒప్పుకున్నట్టు సంతకం పెడితే, నా వీసా ఈయన పేరు నుంచి స్కూలు పేరు మీదికి మారుతుంది. కొన్ని వారాలు పడుతుంది, అంతే. నాలుగుసార్లు అడిగినా. 'కొత్త పెళ్ళాం రోజూ ఏడుస్తాంది, నీ స్కూలోళ్ళ కోసం నేను ఆగలేను' అన్నాడు." ఆ మాట అన్నాక తలెత్తి, "నిన్ను తప్పు పట్టలేదులే. కొత్తలో నాక్కూడా తొందరగానే ఉండె" అంది.

నాదియాకు చెవులు వేడెక్కాయి. తను ఏడవలేదు. ఇక్కడికొచ్చాక ఏడుపన్నదే ఎరగదు. ఉల్లిపాయలు కోసినప్పుడు కూడా ఆయన నవ్విస్తూనే ఉన్నాడు. తన పేరుతో, తన కన్నీళ్ళతో ఆయన ఒక ఆడమనిషిని ఊరు దాటిస్తున్నాడనీ, ఆ సంగతి తనకొక్కదానికే తెలియదనీ అర్థమయ్యేసరికి చేతులకు పని కావాల్సి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి పుదీనా వేసి టీ పెట్టింది. తెచ్చేటప్పుడు సగం టీ సాసర్లో ఒలికింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, పొద్దుటి జోకే నోటికొచ్చింది.

"ఇట్లా టీ ఇస్తే నాకు వీసా వెయ్యరంట ఆపా…"

"కడపకు పార్సిల్ చేస్తా, చూసుకో," అని షైస్తా పూర్తి చేసింది.

అదే విరుపు. చివరి మాట దగ్గర అదే సాగతీత.

"నేనూ నవ్వినా," అంది షైస్తా సాసర్లో టీని తిరిగి కప్పులోకి వంచుకుంటూ. "మా అమ్మకు ఫోన్ చేసి చెప్పినా. తర్వాత పప్పులో ఉప్పెక్కువైనా అదే మాట. జ్వరమొచ్చి రొట్టెలు చెయ్యకపోతే అదే మాట. వాళ్ళన్న వచ్చినప్పుడు ఆయన ముందర కూడా అదే. మాట మారలేదు నాదియా, నవ్వే మొహంతో అనేది మాత్రం మానేసినాడు. నాకూ ఒకరోజు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఎన్ని రోజులు ప్రయత్నం చేసినా రాలేదు. నన్నడిగితే, తలాక్ దానికే ఇచ్చినాడు."

తలుపు చప్పుడైంది. కమ్రాన్ హల్వా డబ్బాతో వచ్చాడు. షైస్తా చప్పున బుర్ఖా ముసుగు నుదుటి మీదికి లాక్కుంది, పరాయి మగవాడి ముందు లాక్కున్నట్టే. ఏళ్ళ తరబడి ఆయన బట్టలుతికిన ఇంట్లో.

"కార్డు తెచ్చినావా? మంచిది. నాదియా, నీ పాస్‌పోర్టు తే. ఆదివారం వీసా కాగితాల టైపింగ్ సెంటరుకు పోయి ఆమెది క్యాన్సిల్‌కు ఇచ్చి, నీది వేస్తా. ఇంక ఏడుపాపు." చివరి మాట షైస్తాకు వినబడేలా అన్నాడు.

నాదియా లోపలికెళ్ళి పెళ్ళిచీర కిందున్న పాస్‌పోర్టు తీసింది. పొద్దున ఇస్త్రీ చేసిన కుర్తా తాలూకు వేడి వాసన గదిలో ఇంకా ఉంది. పాస్‌పోర్టును హ్యాండ్‌బ్యాగులో పెట్టి, జిప్ లాగి, బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చి నిలబడింది.

"నేనెప్పుడు ఏడ్చినాను జీ?"

కమ్రాన్ తడబడ్డాడు. "అదేదో మాట వరసకు అన్నా…"

"ముందు ఆపాకు స్కూలు కోసం సంతకం పెట్టండి. ఆమెకు కొత్త కార్డు వచ్చినాకే నా సంగతి."

ఆయన షైస్తా వైపు ఒకసారి, నాదియా వైపు ఒకసారి చూసి, అలవాటైన నవ్వు ముఖాన తెచ్చుకున్నాడు. "ఓహో! ఇట్లా మాట్లాడితే నీకు వీసా వెయ్యను. కడపకు పార్సిల్ చేస్తా, చూసుకో!"

నవ్వు కోసం చూశాడు. సోఫాలోంచీ రాలేదు, ఎదురుగానూ రాలేదు.

"చెయ్యండి," అంది నాదియా. "వచ్చే శుక్రవారం దావత్‌కు మీ ప్లాంటోళ్ళందరినీ పిలిచినారు కదా, కొత్త పెళ్ళికూతురి చేతి బిర్యానీ అని. వాళ్ళొస్తే, పెళ్ళికూతుర్ని పార్సిల్ చేసినానని చెప్పండి."

హల్వా డబ్బా బల్ల మీద పడింది. కమ్రాన్ ముఖం ఎర్రబడింది. ఒక పెళ్ళాం పోతే తప్పు ఆమెదని అందరికీ చెప్పుకున్నాడు. రెండో ఆమె కూడా పోతే ఏం చెప్పుకోవాలో వెతుక్కుంటున్నట్టు గోడ వైపు చూశాడు. షైస్తా అడిగిన ప్రతిసారీ తెచ్చి వెనక్కి తీసుకెళ్ళిన కాగితాన్నే సంచిలోంచి తీసి మెల్లగా ముందుకు జరిపింది. అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఆయన చిరిగేంత గట్టిగా సంతకం గీకి, పెన్ను విసిరేశాడు.

"అయింది కదా? ఇంక పాస్‌పోర్టు తే. మనది మనం చూసుకుందాం."

ఆ 'మనది' అన్న మాటకు పొద్దున్నయితే నాదియా కరిగిపోయేది. ఇప్పుడు బ్యాగు జిప్ మీద చెయ్యేసుకుని, కడపలో పెళ్ళికి ముందు తను లెక్కల ట్యూషన్ చెప్పిన పిల్లలనూ, వాళ్ళ అరిగిన పలకలనూ ఎందుకో గుర్తు చేసుకుంది. తర్వాత షైస్తా వైపు తిరిగి, చల్లారిన కప్పులో మళ్ళీ వేడి టీ పోస్తూ అడిగింది.

"ఆపా, మీ స్కూల్లో లెక్కలు చెప్పడానికి మనిషి కావాలంటారేమో కనుక్కుంటారా?"