మడతపేచీ

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు మడతన్న. గుప్పున ఆవిరి లేచింది. సగానికి సగం, ఆ సగానికి సగం, అంచు మీద అరచేత్తో ఒక రుద్దు. నూట పన్నెండోది. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. ఎన్ని జ్వరాలు, ఎన్ని పురుళ్లు ఆ చేతుల కింద చదునయ్యాయో! వేడికి వేలిముద్రలు అరిగి నున్నగా మెరుస్తుంటాయి. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఇవాళ ఆ మడతలు వంకర పోతున్నాయి. కారణం ప్రమోషన్.

నవ్వకండి. లోకానికి ప్రమోషనంటే ప్రమోదం, మడతన్నకి ప్రమాదం. కూతురిది కాలేజీలో ఆఖరి ఏడు. మూడేళ్లుగా ఆ పిల్లని మోసుకొస్తున్నది స్కాలర్‌షిప్పు. ఆ ఇంటికున్న ఒకే ఒక్క షిప్పు. తండ్రి ఆదాయం ఒక గీతకి లోపలుంటేనే అది కదులుతుంది. మడతన్న జీతం ఆ గీతకి గోరంత కింద ఉంది. సూపర్‌వైజరైతే వెంట్రుకవాసి పైకి పోతుంది. జీతం గీత దాటిందా, పిల్ల తలరాత గీత తప్పినట్టే. పెరిగే జీతమంతా పోగేసినా ఫీజుకి ఏ మూలకీ రాదు.

ఫోను మోగింది.

"నాన్నా, జీతం సర్టిఫికెట్ తీసుకున్నావా? ఐదింటికి పోర్టల్ మూసేస్తారు."

"తీసుకుంటానమ్మా. మేనేజరు గారు పనిలో ఉన్నారు."

"గొంతేంటి అలా ఉంది?"

"ఆవిరి పట్టింది తల్లీ."

పట్టింది ఆవిరి కాదు, భయం. పొద్దుట్నుంచి మేనేజరు గది తలుపు కిర్రుమంటే చాలు, పిలిచి ప్రమోషన్ అంటగడతాడేమోనని దుప్పట్ల గుట్ట వెనక్కి ఒదుగుతున్నాడు.

"దొంగలా ఆ దాక్కోవడమేంట్రా?" అంది పక్క బల్ల దగ్గరి ఇస్త్రీ పిన్ని. "మడత మిషను వస్తోందట. మీ మడతోళ్లందరికీ సెలవు, నీకొక్కడికే కుర్చీ అట. అదృష్టవంతుడివి!"

"అదృష్టమా పిన్నీ! ఇన్నాళ్లూ మడత ఒక్కటే నాది. ఇప్పుడు పేచీ కూడా వచ్చి చేరింది."

నవ్వబోయి మానేసి మరో దుప్పటి అందుకున్నాడు.

నాలుగుంపావుకి పిలుపొచ్చింది. మేనేజరు బల్ల మీదుగా ఒక కొత్త చొక్కా ముందుకు తోశాడు.

"రేపట్నుంచి ఇది వేసుకో. ఇక నీకిచ్చే ఏ సర్టిఫికెట్లోనైనా కొత్త జీతమే."

"సార్, ఒక్క ఏడాది పాత పనే చేస్తాను. పాప చదువైపోతుంది."

"పాత పనంటూ ఉంటే కదయ్యా! పొద్దున్నే మిషను దిగుతోంది. అయితే పైకి, కాదంటే బయటికి."

మడతన్న ఆ చొక్కా వైపు చూశాడు. ఈ వయసులో బయట ఎవరు పనిస్తారు? ఇయ్యకపోతే ఇల్లెలా గడుస్తుంది? చొక్కాని బల్ల మీదే వెనక్కి జరిపాడు.

"అయితే సార్... ఇవాళ్టిదాకా నా జీతమెంతో రాసి సంతకం పెట్టండి."

"అంటే?"

"బయటికే సార్."

మేనేజరు కలం తీశాడు.

కాగితం ఫొటో తీస్తుంటే మూడుసార్లు ఆవిరికి మసకబారింది. నాలుగోసారి అక్షరాలు నిలబడ్డాయి. ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా కూతురి జవాబొచ్చింది: "ఎక్కించేశా నాన్నా! తొందరగా ఇంటికి రా."

ఆ పిల్లకి చెప్పాల్సిన రెండో కబురుని లోపలే నాలుగు మడతలు పెట్టుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. ఇస్త్రీ పిన్ని కూడా తలెత్తి చూడలేదు.

మేనేజరు బల్ల మీద ఆ కొత్త చొక్కా అలాగే ఉండిపోయింది, జేబు మీద ఎర్రదారంతో 'సూపర్‌వైజర్' అని కుట్టి, ఆఖరి అక్షరం దగ్గర కత్తిరించడం మరిచిన పోగు ఫ్యాను గాలికి ఊగుతూ.