ఆకుపచ్చ పట్టీ

వాడి చెయ్యి పడ్డాకే దీనికి ఈ రోగం వచ్చింది, తను తోలిన తొమ్మిదేళ్లూ ఎత్తమంటే ఎత్తేది, దించమంటే దించేది ఈ ముసలి టిప్పరు, ఇవాళ ఖాళీ తొట్టిని కూడా సగమే లేపి చతికిలబడింది, కింద నూనె మడుగు, చూడనీ, యజమాని కళ్లారా చూడనీ, మోకాలి నొప్పి అన్న పాపానికి తనని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి తాళాలు తీసుకెళ్లి తోడల్లుడి చేతిలో పెట్టాడు కదా, అందరికీ వాడే ముద్దు, చిన్నల్లుడి పేరెత్తితే అత్తగారి మొహం చేటంత అవుతుంది, ఆఖరికి తన భార్య కూడా, మా మరిది బండిని అద్దంలా ఉంచుతాడండీ అంటూ కూర వడ్డిస్తుంది, ఆ కూర గొంతు దిగుతుందా.

తొట్టిని లేపే ఈ నూనె పైపుకి కట్టు కట్టినవాడెవడో తేలనీ, రేపట్నుంచి వాడు బండెక్కక్కర్లేదు, అన్నాడు యజమాని, చెవుల్లో తేనె పోసినట్టుంది, నువ్వే విప్పి చూడు, దీని సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు, అని తననే పిలిచాడు, మోకాలి నొప్పి ఎటు పోయిందో, తొట్టి కింద దుంగలు పెట్టించి దూరాడు, హైడ్రాలిక్ పైపు మీద కొత్త నల్ల టేపు, ఎంత నీటుగా చుట్టాడో వెధవ, దాని కింద సైకిల్ ట్యూబు ముక్క, పక్కనే తోడల్లుడు నూనె డబ్బా పట్టుకుని వంగి, అన్నయ్యా, వదిలెయ్, నేను చూసుకుంటాలే అంటున్నాడు, భయం పట్టుకుందిరా నీకు, పట్టుకోనీ, ఇంకో చుట్టు లాగాడు, అన్నిటికన్నా అడుగున నూనెలో నానిన ఆకుపచ్చ పట్టీ.

క్యారేజీ సంచి పట్టీ, తన సంచిదే, రెండేళ్ల కిందట ఎర్రటి ఎండలో పైపు చిట్లితే రెండ్రోజులకని కట్టాడు, సంచి ఎక్కడో తెగిందే అని భార్యతో బొంకాడు, కొత్త పైపు అడగాలి అడగాలి అనుకుంటూనే మరిచిపోయాడు, ఆ ముడి కూడా తనదే, ఎడమచేతి ముడి, అంటే వీడు ఎప్పుడో చూశాడు, చూసి, పైన చుట్లు వేసి కప్పేసి, రోజూ పొద్దున్నే నూనె పోసుకుంటూ, యజమానికి గానీ ఇంట్లో గానీ ఒక్కరికైనా చెప్పాడా, లేదు, ఎవర్రా కట్టింది, యజమాని కేక, తోడల్లుడు గొంతు సవరించుకుంటున్నాడు, నాదేనండి అనేస్తాడు, ఛీ, వీడు నిజంగానే మంచివాడు, ఇన్నాళ్లూ తన కడుపుమంట దానికే, బండి తీసుకున్నాడు, అత్తగారిని తీసుకున్నాడు, తన తప్పు కూడా వీడే తీసుకుపోతే ఇక తనకి మిగిలేదేమిటి, నేనేనండి కట్టింది, అని తొట్టి కిందనుంచే అరిచాడు, వాడికన్నా ముందు.